పదాల్లేని జాతీయగీతం

2014 జూన్ 15. బ్రెజిల్‌లోని మరకానా స్టేడియం. ప్రపంచకప్ ఫుట్‌బాల్‌లో తొలిసారి అడుగుపెట్టిన బోస్నియా-హెర్జెగోవినా జట్టు అర్జెంటీనాతో ఆడటానికి సిద్ధమైంది. జాతీయగీతం మొదలైంది. గొంతెత్తి పాడదామంటే ఆటగాళ్లకు ఒక్క మాట కూడా లేదు. వాళ్లకు రాక కాదు, ఆ గీతానికి సాహిత్యమే లేదు. ఉన్నది బాణీ మాత్రమే!

స్పెయిన్, కొసావో, శాన్ మారినోలదీ ఇలాంటి గీతమే. కానీ బోస్నియాది మరో కథ. అక్కడ ఏ పదం రాసినా ఎవరో ఒకరికి అభ్యంతరమే. దుషాన్ షెస్టిచ్ కట్టిన ఈ బాణీని 1999లో జాతీయగీతంగా తీసుకున్నారు. పదేళ్ల తర్వాత సాహిత్యం కూడా సిద్ధమైంది. పార్లమెంటు ఆమోదం మాత్రం నేటికీ దక్కలేదు.

ఆ దేశంలో ప్రధానంగా మూడు జాతులవాళ్లు ఉంటారు. ముస్లింలైన బోస్నియాక్‌లు, ఆర్థడాక్స్ క్రైస్తవులైన సెర్బులు, కేథలిక్కులైన క్రొయేట్‌లు. ఒకరి మాట మరొకరికి చక్కగా అర్థమవుతుంది. ఒకప్పుడు అందరూ యుగొస్లావియా పౌరులే. 1992లో బోస్నియా స్వతంత్ర దేశమైంది. ఆ వెంటే యుద్ధం. మూడున్నరేళ్లలో దాదాపు లక్షమంది చనిపోయారు. 1995 జులైలో ఒక్క స్రెబ్రెనిత్సాలోనే ఎనిమిది వేలమందికి పైగా బోస్నియాక్ పురుషులనూ మగపిల్లలనూ సెర్బు సేనలు చంపేశాయి. చివరికి అమెరికాలోని డేటన్‌లో అదే ఏడాది నవంబరులో శాంతి ఒప్పందం కుదిరింది. దేశ రాజ్యాంగం కూడా ఆ ఒప్పందంలో ఓ అనుబంధమే!

తుపాకులు ఆగాయి. పేచీలు ఆగలేదు. జెండా ఎలా ఉండాలన్నదానిపైనా నేతలు ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. ఒప్పందం అమలును చూడటానికి అంతర్జాతీయ సమాజం నియమించిన ఉన్నత ప్రతినిధి ఒకరుంటారు. చట్టాలు చేసే అధికారం కూడా ఆయనకుంది. అప్పట్లో ఆ పదవిలో ఉన్నది స్పెయిన్ దేశస్థుడు కార్లోస్ వెస్టెన్‌డార్ప్. 1998 ఫిబ్రవరిలో ఆయనే ఓ జెండాను ఖరారు చేసేశారు. నీలిరంగు మీద పసుపు త్రికోణం, పక్కన తెల్లని నక్షత్రాల వరస. త్రికోణం మూడు కొనలూ మూడు జాతులకు గుర్తంటారు. దేశపటం కూడా దాదాపు త్రికోణంలాగే ఉంటుంది. ఎవరి పాత గుర్తులూ అందులో లేవు. అందుకే ఎవరికీ కోపం రాదు... మనసుకు దగ్గరగానూ అనిపించదు!

అదే ఏడాది కార్ల నంబరు ప్లేట్లూ మారాయి. బండి ఏ ప్రాంతానిదో తెలిస్తే దాడులు జరుగుతాయన్న భయం. దాంతో ఊరి గుర్తులు తీసేసి, రోమన్ లిపిలోనూ సిరిలిక్ లిపిలోనూ ఒకేలా కనిపించే ఎ, ఇ, జె, కె, ఎమ్, ఓ, టి అక్షరాలను మాత్రమే వాడారు. చిన్న ఆలోచనే. జనం నిశ్చింతగా ఊళ్లు దాటగలిగారు.

ప్రభుత్వం సంగతి మరీ విచిత్రం. దేశానికి అధ్యక్షుడు ఒక్కరు కాదు, ముగ్గురు. జాతికొకరు. ఎనిమిది నెలలకోసారి వంతులవారీగా పెద్ద కుర్చీలో కూర్చుంటారు. బోస్నియాక్‌లు, క్రొయేట్‌లు ఎక్కువగా ఉండే ఫెడరేషన్, సెర్బులు ఎక్కువగా ఉండే రిపబ్లికా స్ర్ప్‌స్కా అని దేశంలో రెండు భాగాలు. ఫెడరేషన్‌లో మళ్లీ పది కాంటన్లు. విడిగా బ్రచ్కో జిల్లా. కేంద్రంతో కలిపితే 14 ప్రభుత్వాలు. 2013 లెక్కల ప్రకారం జనాభా చూస్తే 35 లక్షలే!

మరి ఈ మూడు జాతుల్లోనూ లేనివాళ్ల మాటేమిటి? రోమా తెగకు చెందిన దెర్వో సెజ్దిచ్, యూదుడైన యాకోబ్ ఫిన్సీ అదే అడిగారు. అధ్యక్ష పదవికి పోటీచేసే హక్కు తమకెందుకు లేదంటూ యూరప్ మానవహక్కుల కోర్టుకెక్కారు. అది వివక్షేనని 2009లో కోర్టు తేల్చింది. ఏళ్లు గడిచినా రాజ్యాంగంలో ఆ నిబంధన మారలేదు.

విదేశాంగ విధానానిదీ అదే తంతు. ముగ్గురూ ఒక్కమాట మీదకు రాకపోవడంతో కొసావోను బోస్నియా గుర్తించలేకపోయింది. యూరోపియన్ యూనియన్‌లో చేరడానికి 2016లో దరఖాస్తు పెట్టుకుంటే 2022 డిసెంబరులో అభ్యర్థి హోదా దక్కింది. చర్చలు మొదలుపెట్టడానికి 2024 మార్చిలో సూత్రప్రాయంగా పచ్చజెండా ఊపారు.

నేతలు ఇలా ఉంటే యువత ఓపిక పట్టలేకపోతోంది. ఉద్యోగం కావాలంటే పార్టీ అండ ఉండాలన్న నిస్పృహతో ఎంతోమంది జర్మనీ, ఆస్ట్రియాల దారి పట్టారు. 2014 ఫిబ్రవరిలో టుజ్లాలో మూతపడ్డ ఫ్యాక్టరీల కార్మికులు రోడ్డెక్కితే ఆ నిరసన ఇతర నగరాలకూ పాకింది. అప్పుడు వినిపించిన నినాదం, ‘మూడు భాషల్లోనూ మాది ఆకలే’ అని!

మార్పు రాదా అంటే... వస్తుందని ఫుట్‌బాలే నిరూపించింది. దేశానికున్నట్టే ఆ ఫుట్‌బాల్ సమాఖ్యకూ ముగ్గురు అధ్యక్షులుండేవారు. ఒక్కరే ఉండాలన్న నిబంధన పాటించలేదని 2011 ఏప్రిల్‌లో ఫిఫా నిషేధం విధించింది. సరయెవోలో పుట్టిన సీనియర్ కోచ్ ఇవిత్సా ఓసిమ్ నేతృత్వంలోని కమిటీ అందరితో మాట్లాడి ఒప్పించింది. కొద్ది వారాల్లోనే నిషేధం తొలగింది. మూడేళ్లకు జట్టు ఏకంగా ప్రపంచకప్‌లో ఆడింది.

ఊరి మధ్యలోనే జలపాతం దూకే యయిత్సే పట్టణంలోని హైస్కూలు పిల్లలు ఇంకో అడుగు ముందుకేశారు. ఫెడరేషన్‌లోని కొన్ని ఊళ్లలో ఒకే బడి భవనంలో క్రొయేట్ పిల్లలు ఓ పక్క, బోస్నియాక్ పిల్లలు ఓ పక్క వేర్వేరు పాఠాలు చదువుతారు. యయిత్సేలోనూ పిల్లల్ని విడదీసి మరో బడి పెట్టాలని 2016లో పెద్దలు నిర్ణయించారు. రెండు జాతుల పిల్లలూ చేతులు కలిపి వీధుల్లోకొచ్చారు. మాకు కలిసి చదువుకోవాలనుందన్నారు. 2017లో పెద్దలు ఆ ఆలోచన మానుకోక తప్పలేదు. మరుసటి ఏడాది ఆ విద్యార్థులకు మాక్స్ వాన్ డెర్ స్టూల్ అంతర్జాతీయ పురస్కారం లభించింది.

జాతీయగీతానికి నాలుగు మాటలు కూర్చడం పెద్దల వల్ల కాలేదు. ఏదో ఓ రోజు ఆ పని చేయగలిగేది ఇలాంటి పిల్లలేనేమో!