రైలు వద్దన్న ఊరు

అమెరికాలో కొడుకు దగ్గరో, కూతురు దగ్గరో ఆరు నెలలుండి వచ్చిన పెద్దలను ఒకసారి పలకరించి చూడండి. ఇల్లు బాగున్నదంటారు, చలి ఎక్కువంటారు, మనుమల ముచ్చట్లు చెపుతారు. ఆ తరువాత గొంతు తగ్గించి, "కాళ్లు కట్టి పడవేసినట్టే ననుకో" అంటారు. కొత్తిమీర కట్టకైనా కారు కావలె. ఆ కారు తోలేవాడు ఆఫీసునుంచి వచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చోవలె. న్యూయార్కు, షికాగోల సంగతి వేరు. ఈ బాధ చాలావరకు మధ్యరకం నగరాలది.

అటువంటి వాటిలో టెన్నెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ ఒకటి. జనాభా ఏడు లక్షలు. సంగీతానికి పేరుపడ్డ ఊరు. కారు లేనివాడికి మాత్రం ఆ ఊళ్లో దిక్కులేదు. 2006లో వేసిన సబర్బన్ రైలొకటి ఉన్నది కాని, అది తూర్పు దిక్కుకే పోతుంది.

మొదట ఏడు మైళ్ల రోడ్డుమీద బస్సులకు ప్రత్యేకమైన దారి వేస్తామన్నారు. ఆ రోడ్డు పక్క దుకాణదారులూ, ఇళ్లవారూ తమ దారి ఇరుకవుతుందని గోల చేశారు. 2014లో రాష్ట్ర శాసనసభ కూడా అడ్డుపడ్డది. మరుసటి జనవరిలో ఆ పథకానికి నీళ్లు వదిలారు.

చిన్నది అడిగితే ఇంత గోల గదా, పెద్దదే అడుగుదా మనుకున్నారు కాబోలు! 540 కోట్ల డాలర్లతో అయిదు రైలు మార్గాలు, ఊరి నడిబొడ్డున నేల క్రింద సొరంగం; దీనిమీద 2018 మే 1న ప్రజల ఓటు. డబ్బుకు అమ్మకపు పన్ను, హోటలు గదుల పన్ను, అద్దెకార్ల పన్ను, వ్యాపారాలమీద పన్ను. నిర్వహణ ఖర్చులూ అవీ కలిపితే 900 కోట్లకు చేరుతుందని ఎదుటిపక్షం వారు ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. ఈ పథకాన్ని భుజాన వేసుకున్న మేయరు మేగన్ బారీ ఓటుకు రెండు నెలల ముందు వేరే వివాదంలో చిక్కుకుని రాజీనామా చేసింది. నూటికి 64 మంది వద్దన్నారు.

కారు వ్యామోహమే ఓడించిందని కొందరు, మేయరు పోవడంచేత ఓడిందని కొందరు. రెండింటిలోనూ కొంత నిజం లేకపోలేదు. కాని నాకు తోచేది వేరు. ఆ ఊళ్లో చాలా వీథులకు కాలిబాటే లేదు. స్టేషను ఎంత సొగసుగా కడితేనేం, అక్కడిదాకా పోవాలంటే గడ్డిలో, ట్రక్కుల పక్కన నడవవలె. అటువంటి వీథిలో కాపురముండేవాడికి ఆ సొరంగం ఎవరిదో పెళ్లిపందిరిలాగే కనబడి ఉంటుంది.

2023లో మేయరయిన ఫ్రెడ్డీ ఓకానెల్ స్వయంగా బస్సెక్కే మనిషి. పూర్వం నగర రవాణా సంస్థ బోర్డులో పనిచేసినవాడు. ఈయన రైలు మాట ఎత్తలేదు. పన్ను ఒక్కటే, డాలరుకు అర సెంటు. ఇచ్చేవి: 86 మైళ్ల కాలిబాటలు, సుమారు 600 కూడళ్లలో కొత్త సిగ్నలు దీపాలు, రాత్రింబగళ్లు ఏడాది పొడుగునా బస్సులు, 54 మైళ్ల ముఖ్యమార్గాల్లో తొందరగా, తరచుగా తిరిగే బస్సులు. దీపాలు చక్కబడితే కారువాడికీ మేలే. మొత్తం 310 కోట్లు. 2024 నవంబరులో, దేశాధ్యక్షుడి ఎన్నిక రోజునే ఓటు పెట్టారు. ఓటర్లు ఎక్కువమంది వచ్చే రోజది. మూడింట రెండు వంతులకు కాస్త తక్కువగా సరేనన్నారు. ఆరేళ్లలో లెక్క తలక్రిందు లయినది!

అయితే ఈ అమ్మకపు పన్ను నాకు నచ్చలేదు. సబ్బుబిళ్ల కొనే కూలిమనిషికీ, కోటీశ్వరుడికీ ఒకటే రేటు. బస్సెక్కేది కూలిమనిషే గనుక సరిపెట్టుకోవలె నేమో! అదివరకు నూటికి 9.25గా ఉన్న పన్ను 2025 ఫిబ్రవరి 1న 9.75 అయి కూర్చున్నది. కాలిబాటలు మాత్రం మైలు మైలుగా, ఏళ్ల తరబడి రావలసినవి. ఎవరి వీథికి ముందు, ఎవరి వీథికి వెనుక అన్న తగవు మేయరుగారి బల్లమీదికే చేరుతుంది.