మాసిన జుట్టు ఎవరిది?

మూడు సినిమాలు పక్కపక్కన పెట్టి చూడండి. ‘రంగస్థలం’ (2018) గోదావరి పల్లె. ‘పుష్ప’ (2021) శేషాచలం అడవి. ‘దసరా’ (2023) సింగరేణి బొగ్గు ఊరు. యాస వేరు, పని వేరు. హీరో తల మాత్రం ఒక్కటే: రేగిన జుట్టు, మాసిన గడ్డం. పుష్పకూ ధరణికీ ఒంటికి నల్లరంగు అదనం.

మన సీమ ఫ్యాక్షన్ సినిమాలు గుర్తు చేసుకోండి. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘ఇంద్ర’ (2002). పగ ఎంత రగిలినా అక్కడ హీరో క్రాపు చెదరదు. రెడ్డి దొరకు దువ్వెన, కూలోడికి దుమ్ము!

కర్నూలు, కడప దళితవాడల్లో పిల్లోళ్లను చూడండి. కూలి డబ్బులు చేతికందితే ముందు పోయేది సెలూన్‌కే. ఆ సోకు వెనక చరిత్ర ఉంది. చాలా ఊర్లల్లో మన తాతలకు క్షవరం చేయనిచ్చేవాళ్లు కాదు. ఆ తప్పు కత్తి పట్టినోళ్లది కాదు, కట్టడి పెట్టిన పెత్తందార్లది. అంటరానితనం పేరుతో సేవ నిరాకరించడం నేరమని 1955లో చట్టమే చేయాల్సి వచ్చింది. అలాంటప్పుడు క్రాపు చిన్న సంగతి ఎట్లవుతుంది?

అంబేడ్కర్ సూటు ఎందుకు తొడిగారో మనకు తెలుసు. మన పిల్లోళ్ల నున్నటి క్రాపుదీ అదే మాట. పేదోణ్ణి ఉన్నదున్నట్టు చూపాలనుకునే దర్శకులు, వాడు అద్దం ముందు తల దువ్వుకునే నిమిషాన్ని కూడా చూపాలి.

జై భీమ్.