విజ్ఞానవీథి: మార్చిన నకలును గుర్తించుట

ఒక ఛాయాచిత్రమును కొంచెము కత్తిరించి, పేరు మార్చి దాచినచో పరిశోధకులు దానిని గుర్తింపగలరా యని యొక సోదరి మమ్మడిగినది. గుర్తింపగలరు. ఎట్లో చెప్పెదము.

నేరస్థుని కంప్యూటరులో లక్షలకొలది ఫైళ్లుండును. 10 లక్షల ఫైళ్లను ఒకదానితో నొకటి పోల్చవలెనన్న 50,000 కోట్ల జతలగును. బియ్యములో రాళ్లేరు చేతులకు ఈ శ్రమ వేఱుగ వర్ణింప నక్కఱలేదు. కావున ప్రతి ఫైలునకును వ్రేలిముద్రవంటి చిన్న సంకేతమును లెక్కగట్టుదురు. దానికి హ్యాష్ అని పేరు. అమెరికా ప్రమాణసంస్థయగు నిస్ట్ వారు ప్రసిద్ధమైన సాఫ్ట్‌వేరు ఫైళ్ల ముద్రలను పట్టికగా నుంచినారు. ఆ పట్టికలో నున్నవానిని చాటతో చెరిగినట్లు ముందే తొలగింపవచ్చును. అయితే ఒక్క యక్షరము మారినను ఈ ముద్ర పూర్తిగ మారిపోవును. దుర్జనున కింతకన్న నేమి కావలెను?

చెత్త యుత్తరములను పట్టుటకై ఆండ్రూ ట్రిడ్జెల్ కల్పించిన పద్ధతిని జెస్సీ కార్న్‌బ్లమ్ 2006లో నేరపరిశోధనకు మలచెను. ఫైలును సమానమైన ముక్కలుగ కోసినచో, మొదట నొక మాట చేర్చగనే తక్కిన కోతలన్నియు జరిగిపోవును. అట్లుగాక, లోపల కొన్ని యక్షరముల కూర్పు వచ్చిన చోటనే కోసి ముక్కముక్కకు ముద్ర వేసినచో, మార్పు తగిలిన ముక్కది మాత్రమే మారి తక్కినవి నిలుచును. నిలిచినవానిని బట్టి పోలిక తెలియును. అది రుజువు కాదు సుమా. పరిశోధకుడు ఫైలును తెఱచి చూడవలసినదే.

చిత్రముల కీయుపాయము చాలదు. కుదించి దాచగనే లోని యంకెలన్నియు మారును. అందుచే 2009లో మైక్రోసాఫ్టువారును ఆచార్య హనీ ఫరీదును కలసి, బొమ్మ రంగు తీసి గళ్లుగ విభజించి వెలుగునీడల తేడాను లెక్కించు ఫోటోడీఎన్‌ఏను నిర్మించిరి. పిల్లలపై జరిగిన యకృత్యముల చిత్రములను పట్టుటకే అది పుట్టినది.

ఇట్టి చిత్రముద్రలే స్త్రీలకు నుపకరించుచున్నవి. 2021 డిసెంబరులో బ్రిటనున స్టాప్‌ఎన్‌సీఐఐ యను సేవ వెలసినది. తన రహస్యచిత్రమును బయలుపెట్టెదమని యెవరైన బెదరించినచో, 18 ఏండ్లు నిండిన స్త్రీ తన ఫోనులోనే ముద్ర కట్టించి, ముద్రను మాత్రమే పంపవచ్చును. చిత్రము ఫోను దాటదు. పరులకు చూపవలసిన సిగ్గును లేదు. మా దృష్టిలో నిదియే దీని గొప్పతనము. ఫేసుబుక్కు, ఇన్‌స్టాగ్రాము మొదలగు చేరిన సంస్థలు ఆ ముద్రను పోలినవానిని వెదకును. చేరని తావులలో నిది పనిచేయదు. 18 ఏండ్లలోపు బాలికలకు అమెరికాలో నారంభమైన టేక్ ఇట్ డౌన్ కలదు.

భయపడి చిత్రమును, బెదరింపు సందేశములను చెరిపివేయకుడు. చిత్రము లేనిదే ముద్ర కట్టుట పొసగదు. పోలీసులకును ఆ సందేశములు కావలసియుండును.