బీడీ మానేందుకు మందుతోపాటు నలుగురి తోడూ కావాలి

గూడూరు (కర్నూలు జిల్లా): బీడీ మానేశామన్నవారే వారం తిరక్కుండా మళ్లీ అగ్గిపెట్టె అడగడం గ్రామాల్లో మామూలే. వారికి పట్టుదల లేదని ఎద్దేవా చేయడం సరికాదు. నికోటిన్‌కు అలవాటు పడిన ఒంటికి అది అందకపోతే చిరాకు, నిద్రలేమి తప్పవు. నికోటిన్ చూయింగ్ గమ్, బుప్రోపియాన్, వరెనిక్లిన్ వంటి మందులు ఆ యాతనను తగ్గిస్తాయి. అయితే పని మధ్యలో పక్కవాడు బీడీ చాపితే వద్దనే ధైర్యాన్ని మందు ఇవ్వదు. మానదలచినవారంతా వారానికోసారి ఒకచోట కూర్చుని కష్టసుఖాలు చెప్పుకుంటే అది వస్తుంది. మందుకు సలహా తోడైతే ఫలితం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూలైలో విడుదల చేసిన మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది.

పొగాకు మాన్పించే కేంద్రాలను జిల్లా స్థాయిలో నడపడం 2007-08లో మొదలైన జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమంలో భాగమే. కాని కూలి పోగొట్టుకుని వారం వారం కర్నూలు వెళ్లడం ఎందరికి సాధ్యం? 1800-112-356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సలహా పొందవచ్చు గాని, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నట్లు కాదు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే వారానికో సాయంత్రం ఇలాంటి బృందాలను కూర్చోబెట్టి, డాక్టరు సలహాపై మందులు అందించే ఏర్పాటు చేయడం ఎంతైనా అవసరం. బీడీ నేర్పింది నలుగురి స్నేహమే. దాన్ని మాన్పించడానికీ ఆ స్నేహమే అక్కరకు రావాలి.