ఫార్మాట్ కొట్టే ముందు

గుంటూరు మిర్చి యార్డులో సీజన్ జోరు మీదున్నప్పుడు కరెంటు పోయినా కమీషన్ కొట్లో పని ఆగకూడదు. ఇన్వర్టర్ చేతులెత్తేసేలోగా మెషీన్ని హైబర్నేట్ చేస్తే, కరెంటు వచ్చాక తెరిచిన తక్‌పట్టీలు తెరిచినట్టే కనిపించాలి. లినక్స్ మెషీన్ అలా లేవకపోతే మన దగ్గర వినిపించే మాట ఒక్కటే: "ఫార్మాట్ కొట్టేద్దాం." ఆ అలవాటు మాన్పించడానికే అమరావతి చుట్టుపక్కల లినక్స్ వాడేవాళ్లం ఈ ఉద్యమం మొదలుపెడుతున్నాం.

హైబర్నేట్ అంటే ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్క్ మీది స్వాప్‌లోకి దించి మెషీన్ని పూర్తిగా ఆపడం. పాత ల్యాప్‌టాప్‌లో తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే దించడానికీ లేపడానికీ పట్టే ఆలస్యం రోగం కాదు. అలా దించే ఇమేజ్‌ని కెర్నెల్ మామూలుగా ర్యామ్‌లో 2/5 వంతుకు కుదించాలని చూస్తుంది, మిగతాది ముందే ఖాళీ చేస్తుంది. లేచాక బ్రౌజర్ కాసేపు ఈడ్చడానికి ఇదొక కారణం. ఇమేజ్ సైజు పెంచి చూడవచ్చు. స్వాప్‌గా జీర్యామ్ ఒక్కటే ఉంటే మాత్రం హైబర్నేట్ కుదరదు. అదీ ర్యామే, కరెంటుతోపాటే పోతుంది.

హైబర్నేట్ చేసేటప్పుడు మెషీన్ కూలిపోతుంటే ఊహలు వద్దు. ఎక్కడ కూలుతోందో పట్టుకునే దారి కెర్నెల్‌లోనే ఉంది, దాని పేరు పీఎం టెస్ట్. పనులన్నీ సేవ్ చేసుకుని ముందు ఫ్రీజర్ పరీక్ష పెట్టాలి. ప్రోగ్రాములు ఆగి, 5 సెకన్ల తర్వాత తిరిగి కదలాలి. అది దాటితే డివైజెస్, ఆపైన ప్లాట్‌ఫామ్, ప్రాసెసర్స్, కోర్. డివైజెస్ దగ్గర పడిపోతే అనుమానం డ్రైవర్ మీదే. సగం మాడ్యూళ్లు దించి మళ్లీ పరీక్షించాలి, ఇంకా కూలితే మిగిలిన వాటిలో సగం. ఇలా తగ్గించుకుంటూ పోతే వైఫైదో గ్రాఫిక్స్‌దో దొరుకుతుంది. ప్లాట్‌ఫామ్ దగ్గర చిక్కొస్తే బయోస్‌ని అనుమానించి, హైబర్నేట్ పద్ధతిని షట్‌డౌన్‌కి మార్చి చూడాలి. కూలకుండా, పాత పని కనిపించకుండా కొత్తగా బూట్ అవుతుంటే రెజ్యూమ్ పారామీటర్ చూడండి. స్వాప్ మార్చాక అందులో పాత యూయూఐడీ మిగిలిపోయి ఉండవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం రాజీ లేదు. హైబర్నేట్ చేసిన మెషీన్ని పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఆ పార్టిషన్లు తెరవకండి. తెరిచి, తర్వాత పాత ఇమేజ్ నుంచి లేపితే ఫైల్‌సిస్టమ్ పాడవుతుంది. మిర్చి, పత్తి లెక్కలున్న డిస్క్‌తో ఆ సాహసం ఎవరూ చేయకూడదు.

ఉచితంగా దొరకడం లినక్స్‌లో చిన్న సంగతి. సోర్సు కోడ్ తెరిచే ఉంది కాబట్టి కారణం అడిగే హక్కు మనకుంది, ఆ హక్కును ఇక్కడ వాడుకునేవాళ్లే తక్కువ. మా దగ్గరికొచ్చిన ప్రతి మెషీన్‌కీ మోడల్, కెర్నెల్ వెర్షన్, కూలిన దశ, లాగ్‌లో చివరి వరుసలు తెలుగులో రాసిపెడతాం. తప్పు కెర్నెల్‌దైతే దాన్ని రాసేవాళ్లకే చేరవేస్తాం. ఇందుకు రుసుము లేదు, సభ్యత్వం అడగం.

ఒంగోలు, నరసరావుపేట, చిలకలూరిపేట, బాపట్ల మిత్రులారా! లేవని మెషీన్ ఉంటే అలాగే పట్టుకురండి, ఛార్జర్ మరవకండి. పరీక్ష మీ చేతే పెట్టిస్తాం, నేర్చుకుని పక్కవాళ్లకు నేర్పండి.