అవును, నాకు రెజ్లింగ్ ఇష్టం

ఖాళీ దొరికితే ఏం చేస్తావని ఎవరైనా అడిగితే పుస్తకాలు చదువుతాను, మొక్కలు పెంచుతాను అంటాను. రెండూ నిజమే. మూడోది చెబితే మాత్రం ఎదుటివాళ్ళ ముఖం మారిపోతుంది. "అదేంటీ, ఆ కొట్టుకునేదా?" అంటారు. అవునండీ, ఆ కొట్టుకునేదే. డబ్ల్యూ.డబ్ల్యూ.ఈ. ఇద్దరు పిల్లల తల్లిని, నలభై దాటినదాన్ని, ఇల్లు చూసుకునేదాన్ని. నాకు రెజ్లింగ్ అంటే ఇష్టం.

వెంటనే వచ్చే మాట ఒకటుంది: "అంతా ఉత్తుత్తిదే కదా!" మా వారు పెళ్ళైన కొత్తలో ఏదో పెద్ద రహస్యం విప్పినట్టు చెప్పారు ఈ మాట. దాచితే కదండీ రహస్యం! 1989లోనే ఆ కంపెనీ యజమాని విన్స్ మెక్‌మాన్ తరఫున న్యూజెర్సీ చట్టసభకి వాళ్ళే చెప్పుకున్నారు, ఇది పోటీ కాదు, వినోదం అని. క్రీడ అంటే పన్నులు, నిబంధనలు ఉంటాయి మరి! ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారు. మంచివాణ్ణి 'ఫేస్' అంటారు, చెడ్డవాణ్ణి 'హీల్' అంటారు. మనకి కొత్తా ఇది? కీచకవధ నాటకంలో కీచకుడు నిజంగా చావడని ఊళ్ళో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. అయినా భీముడు తెర వెనక నుంచి రాగానే ఈలలు వేస్తాం. మా అత్తగారు రోజూ రాత్రి చూసే సీరియల్లో హీరోయిన్ రెండుసార్లు చచ్చి బతికింది, ఆవిడ ఒక్క ప్రశ్న వేయలేదు. అండర్‌టేకర్ శవపేటికలోంచి లేచి వస్తే మాత్రం "ఇదెక్కడి చోద్యమమ్మా" అన్నారు.

ఇక మా వారి ఫుట్‌బాల్. ప్రపంచకప్ వస్తే అర్ధరాత్రి దాకా టీవీ ఆయనదే, నాకేం అభ్యంతరం లేదు, నేనూ పక్కన కూర్చుని చూస్తాను. కానీ నటన గురించి నాకు పాఠం చెప్పేముందు 2002లో రివాల్డో చేసింది గుర్తు తెచ్చుకోవాలి. టర్కీ ఆటగాడు తన్నిన బంతి కాలికి తగిలితే ఆ మహానుభావుడు ముఖం పట్టుకుని కూలిపోయాడు. ఫిఫా జరిమానా కూడా వేసింది. 2018లో నెయ్‌మార్ దొర్లిన దొర్లుడు మీద ప్రపంచమంతా జోకులు వేసుకుంది. మావాళ్ళు నటిస్తామని చెప్పి నటిస్తారు. అంతే తేడా.

పైగా కథ రాసుకున్నదే గానీ దెబ్బ రాసుకున్నది కాదు. రింగు అంటే పరుపనుకుంటారు చాలామంది. ఉక్కు దూలాల మీద చెక్క పలకలు, వాటిమీద పల్చటి ఫోమ్, పైన గుడ్డ. దానిమీద వెల్లకిలా పడటం ఒక విద్య. గడ్డం ఛాతీకి ఆనించి, చేతులు చాచి నేలని కొడుతూ, వీపంతా ఒకేసారి తగిలేలా పడాలి. తల తగలకూడదు. నెలల తరబడి ముందు నేర్చుకునేది అదే. 1998లో మిక్ ఫోలీని పదహారు అడుగుల పంజరం పైనుంచి కిందికి విసిరేసినప్పుడు ఆయన పడింది నిజమైన బల్ల మీదే. అందుకే మా ఇంట్లో ఒక నియమం ఉంది, చూడొచ్చు, చెయ్యకూడదు. మావాడికి ఆ పడే పద్ధతంతా విడమర్చి చెప్పాక, సోఫా మీంచి చెల్లెలి మీదికి దూకడం మానేశాడు. వట్టినే వద్దంటే మానేవాడు కాదు. ఇప్పుడు ఆ సరదా వీడియో గేములో తీర్చుకుంటున్నాడు. దాని గురించి నాకు పెద్ద అభిప్రాయం లేదు. ఎవరికీ వీపు నొప్పి పుట్టని కుస్తీలో నాకు రుచి కనబడదు.

ఈ పిచ్చి నాకు మా తమ్ముడి వల్ల అంటుకుంది. వాడికి రెజ్లర్ల బొమ్మలున్న ట్రంప్ కార్డులు కొనిపెట్టేవారు నాన్న. ఎత్తు, బరువు, ఛాతీ, ఎన్ని గెలిచాడు, అన్నీ ఉండేవి. వాడు మర్చిపోతే నేను చెప్పేదాన్ని. టీవీలో అది వచ్చే వేళకి వాడు కుర్చీలో, నేను వంటింటి గుమ్మంలో. ఒక చెవి కుక్కర్ విజిల్ మీద ఉండేది.

అప్పట్లో అందులో ఆడవాళ్ళని చూపించే తీరు చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వాళ్ళకి 'డీవాలు' అని పేరు. గెలిస్తే ఇచ్చే బెల్టు గులాబీ రంగు సీతాకోకచిలుక. మగవాళ్ళ ఆటల మధ్య జనం మంచినీళ్ళకి లేచి వెళ్ళే టైములో వీళ్ళని పంపేవారు. 2015 ఫిబ్రవరిలో నలుగురు ఆడవాళ్ళ మ్యాచ్‌ని అర నిమిషంలో ముగించేశారు. నేను పోపు పెట్టడానికి పట్టే సమయం! దానితో చూసేవాళ్ళకి కోపం వచ్చింది, ట్విట్టర్‌లో గోల గోల చేశారు, వీళ్ళకీ ఒక అవకాశం ఇవ్వండని. కంపెనీ దిగొచ్చింది. 2016లో ఆ సీతాకోకచిలుక పోయింది, మహిళల ఛాంపియన్‌షిప్ అని తిన్నగా పేరు పెట్టారు. 2019 ఏప్రిల్ 7న రెసిల్‌మేనియాలో, అంటే వాళ్ళకి ఏడాదికొక్క పెద్ద పండగలో, చివరి పోటీ మొట్టమొదటిసారి ఆడవాళ్ళది. బెకీ లించ్, రోండా రౌజీ, షార్లెట్ ఫ్లేర్. బెకీ గెలిచింది. మర్నాడు వంట కాస్త ఆలస్యమైంది మా ఇంట్లో, ఎవరూ పోలేదు.

ఆ బెకీ 2020 మేలో రింగులోకి వచ్చి తన బెల్టు ఆసుకాకి ఇచ్చేసి, నేను తల్లిని కాబోతున్నానని చెప్పింది. ఆసుకా అప్పటిదాకా బెల్టు దొరికిందని గంతులేస్తోంది, ఆ మాట వినగానే ఆగి ఆమెని కావలించుకుంది. కరోనా రోజులు, ఎదురుగా జనం లేరు, ఖాళీ కుర్చీలు. నేను ఏడ్చాను. అది కథలో భాగమా నిజమా అని నన్ను అడక్కండి. ఉద్యోగం వదిలేసి కడుపుతో ఇంటికొచ్చిన ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. తేడా ఏంటంటే ఆమె కుర్చీ ఆమెకోసం ఉంది. పాప పుట్టిన ఎనిమిది నెలలకి, 2021 ఆగస్టులో తిరిగొచ్చింది. కానీ వచ్చీ రాగానే బియాంకా బెలేర్ లాంటి ఛాంపియన్‌ని అర నిమిషంలోపే ఓడించేలా రాశారు. బెకీ అంటే నాకు ప్రాణమే, అయినా అది అన్యాయం. ఒక ఆడదాన్ని పైకి తేవడానికి ఇంకో ఆడదాన్ని అర నిమిషంలో పడెయ్యాలా?

మనవాళ్ళలో కవితా దేవి ఉంది. హర్యానా అమ్మాయి, వెయిట్ లిఫ్టింగ్‌లో దక్షిణాసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది, ఒక బిడ్డ తల్లి. 2017లో అమెరికాలో సల్వార్ కమీజ్ వేసుకుని రింగులో దిగింది. మొదటి రౌండులోనే ఓడిపోయింది. నాకు గుర్తున్నది ఓటమి కాదు, చున్నీ నడుముకి బిగించి ఎదుటిదాన్ని తలమీదికి ఎత్తిన తీరు. 2023 సెప్టెంబర్‌లో హైదరాబాద్ గచ్చిబౌలికి జాన్ సీనా వచ్చాడని మగపిల్లలందరూ ఎగిరారు. అదే రాత్రి రియా రిప్లీ, నటాల్యా కూడా ఛాంపియన్‌షిప్ కోసం తలపడ్డారు. టికెట్ ధర చూసి మేం వెళ్ళలేదు, ఆ బాధ ఇంకా ఉంది.

అన్నీ బాగున్నాయని అనను. ప్రాణాలు పణంగా పెట్టే ఈ మనుషులు ఏళ్ళ తరబడి లెక్కల్లో ఉద్యోగులు కారు, కాంట్రాక్టర్లు. 2018లో సౌదీలో పెట్టిన పెద్ద షోకి ఆడవాళ్ళని అసలు తీసుకెళ్ళలేదు. మరుసటి ఏడాది తీసుకెళ్ళారు, ఒళ్ళంతా కప్పే బట్టలతో. 2024 జనవరిలో ఒక మాజీ ఉద్యోగిని లైంగిక దాడి ఆరోపణలతో కేసు వేస్తే విన్స్ మెక్‌మాన్ పదవి వదిలి వెళ్ళాడు. ఆరోపణలు నిజం కాదన్నాడు. మరి చూడటం మానేశావా అంటే, లేదు. ఆయన కోసం నేను ఎప్పుడూ చూడలేదు. అర నిమిషం మ్యాచ్ మీద గోల చేసిన జనం లాంటివాళ్ళు చూస్తూ ఉంటేనే అక్కడ ఆడవాళ్ళ పని నిలబడుతుందని నా నమ్మకం.

మొన్న మా పిన్ని ఇంటికొచ్చినప్పుడు మా అమ్మాయి నా పక్కన కూర్చుని చూస్తోంది. "ఆడపిల్లకి ఈ కుస్తీలేమిటే, రేపు అత్తారింట్లో ఏమనుకుంటారు?" అంది. పిల్లకి పన్నెండేళ్ళు! పిన్నిని నేను ఎదిరించి మాట్లాడను, చిన్నప్పుడు నన్ను పెంచిన మనిషి. కానీ ఆరోజు చెప్పాను. "పిన్నీ, శనివారం మధ్యాహ్నం రెండు గంటలు తప్ప ఈ ఇంట్లో నేను చేసే ప్రతి పనీ ఇంకొకళ్ళకి పనికొచ్చేదే. ఇదొక్కటి ఎవరికీ పనికిరాదు, నాకు తప్ప. దాన్ని వదలను. దీనికి కూడా అలాంటిది ఒకటి ఉండనీ" అన్నాను. పిన్ని కాసేపు మాట్లాడలేదు. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, "ఆ నల్లబట్టల పిల్ల ఎవరే, అంత దిట్టంగా ఉంది?" అని అడిగింది.

రియా రిప్లీ. మా అమ్మాయి ఆమె పక్షం. నేను బెకీ పక్షం. ఆ తగువు మా ఇంట్లో ఇంకా తేలలేదు.