చెవికి తెలియని తేడాకి పన్నెండు వేలా?

సూరత్‌లో మేముండేది కతర్‌గామ్. ఒక సందులో వజ్రాలకి సానపట్టే ఘంటీలు తిరుగుతుంటాయి, పక్క సందులో పవర్‌లూమ్‌లు మోగుతుంటాయి. సిరిసిల్ల నుంచి వచ్చిన మా మేనల్లుడు ఆ మగ్గాల మీదే పనిచేస్తున్నాడు. ఈ మధ్య వాడు 12,000 రూపాయలు పెట్టి హెడ్‌ఫోన్స్ కొంటానని బయల్దేరాడు. వాడి నెల సంపాదనలో అది సగానికి పైనే. ఎందుకురా అంటే వాడి జవాబు ఇది:

"ఎంపీత్రీ పాటలల్ల సగం సౌండు పోతది మామా. మంచి హెడ్‌ఫోన్స్ పెడితే అదంత మళ్ల ఇనవడ్తదని షాపాయన చెప్పిండు."

పోయిన సౌండు ఫైల్లోనే లేనప్పుడు హెడ్‌ఫోన్స్ దాన్ని ఎక్కణ్ణించి తెస్తాయి? పోయిన వస్తువుని అంజనం వేసి చూపిస్తామనే వాళ్లకీ ఆ షాపు యజమానికీ నాకు పెద్ద తేడా కనపడలేదు. అలాగని మా ఆఫీసు మిత్రుడి మాటా నేను ఒప్పుకోను. ఆయన వాదన దీనికి తలకిందులు. "ఎంపీత్రీ అంటేనే చెత్త, చెత్త వినడానికి వంద రూపాయల ఇయర్‌ఫోన్స్ చాలు" అంటాడు. ఇద్దరూ నమ్మకం మీదే మాట్లాడుతున్నారు. ఒక్కరూ పరీక్షించి చూసింది లేదు.

ముందు ఎంపీత్రీలో ఏం పోతుందో చూద్దాం. సీడీలో పాట సెకనుకు 1,411 కిలోబిట్లు తీసుకుంటుంది. 128 కిలోబిట్ల ఎంపీత్రీ అంటే అందులో పదకొండో వంతు. వినగానే ఘోరం అనిపిస్తుంది. కానీ పారేసింది ఏమిటన్నదే అసలు ప్రశ్న. గుళ్లో పెద్ద గంట మోగుతుంటే పక్కావిడ చేతి గాజుల చప్పుడు మీకు వినపడదు. గాజులు మోగలేదని కాదు, గంట మోత దాన్ని మీ చెవికి అందనివ్వలేదు. జర్మనీలో బ్రాండెన్‌బర్గ్, ఆయన తోటివాళ్లు 1980ల నుంచీ పనిచేసి తయారుచేసిన ఎంపీత్రీ పద్ధతికి ఆధారం మన చెవికున్న ఈ లక్షణమే. ఎలాగూ వినపడని భాగాన్ని ముందు వదిలేస్తుంది. బిట్లు మరీ తగ్గిస్తే మాత్రం వినపడే భాగానికి కూడా కత్తెర పడుతుంది. అంటే ఎంపీత్రీ మంచిదా చెడ్డదా అని అడగడంలో అర్థం లేదు. ఎన్ని కిలోబిట్లు అని అడగాలి.

సరే, వాదన ఎందుకని ఓ ఆదివారం వాణ్ణి కూర్చోబెట్టాను. నా దగ్గరున్న ఒక ఇళయరాజా సీడీ నుంచి ఒకే పాటని 64, 128, 320 కిలోబిట్ల ఎంపీత్రీలుగా మార్చాను. ఫూబార్2000 అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఏబీఎక్స్ అనే పరీక్ష ఉంది. మోగుతున్నది అసలు పాటా, కుదించిన పాటా అన్నది వినేవాడికీ తెలియదు, పక్కన కూర్చున్న నాకూ తెలియదు. కంప్యూటరే కలిపేస్తుంది. ఒక్కో ఫైలుకి 16 సార్లు. 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ సరిగ్గా చెబితే తేడా తెలిసినట్టు లెక్క అని ముందే రాసుకున్నాం. ఊరికే బొమ్మా బొరుసా వేసినా అన్ని సరిపోయే అవకాశం నూటికి 4 మాత్రమే.

64 దగ్గర వాడు 16కి 16 చెప్పాడు. తాళాల చప్పుడు నీళ్లలో మునిగినట్టు ఉందన్నాడు, నిజమే. 128 దగ్గర 11. 320 దగ్గర 9. అంతకుముందు "నాకు కచ్చితంగ తెలుస్తది" అని పందెం కాసినవాడు వీడే! 11 వచ్చిందంటే తేడా తెలియదని రుజువైనట్టు కాదు, తెలుసునని రుజువు కాలేదంతే. ఒక్క మనిషి, ఒక్క పాట. అయినా సొంత చెవితో పరీక్షించుకున్న ఈ లెక్క షాపువాడి మాట కంటే నయం.

పెద్ద పరీక్షలు కూడా ఉన్నాయి. బోస్టన్‌లో మేయర్, మొరాన్ అనే ఇద్దరు 2007లో ఒకటి ప్రచురించారు. సీడీని మించిన నాణ్యత అని అమ్మిన రికార్డింగుల్ని, అవే సీడీ స్థాయికి దించితే వచ్చే ధ్వనితో పోల్చి చెప్పమన్నారు. 554 ప్రయత్నాల్లో 276 సరైన జవాబులు. అంటే బొమ్మా బొరుసే. అదే ఏడాది జేమ్స్ రాండీ ఒక సవాలు విసిరాడు. 7,250 డాలర్ల స్పీకర్ కేబుల్‌కీ మామూలు కేబుల్‌కీ తేడాని చూడకుండా విని చెబితే పది లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. కేబుల్ కంపెనీ వెనక్కి తగ్గింది, పరీక్ష జరగనే లేదు. చేతిలోంచి విభూది తీసేవాళ్లు కూడా పరీక్ష అనగానే ఇలాగే తప్పుకుంటారు.

మరి మంచి హెడ్‌ఫోన్స్ దండగేనా? కాదు. ఇక్కడే మా ఆఫీసు మిత్రుడు పొరబడ్డాడు. 320 ఫైలుకీ సీడీకీ మధ్య ఉన్న తేడా కంటే రెండు హెడ్‌ఫోన్స్ మధ్య ఉన్న తేడా చాలా పెద్దది. ఒకటి మృదంగాన్ని ఉబ్బించి గొంతుని మింగేస్తుంది, ఇంకొకటి ఉన్నదున్నట్టు వినిపిస్తుంది. ఇది ఊహ కాదు, కొలవగలిగిన తేడా. అందుకని 128 పైన ఫైళ్లు ఉన్నవాడికి ఫైళ్లు మార్చడం కంటే మంచి హెడ్‌ఫోన్స్ వాడటమే లాభం.

అయితే మంచివి అంటే ఖరీదైనవి అని కాదు. బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్స్ కొలిచి 2017లో ఫలితం ప్రచురించాడు. అవి ఏ స్వరాన్ని ఎంత గట్టిగా వినిపిస్తాయన్నదానికీ వాటి ధరకీ సంబంధమే కనిపించలేదు. పైగా మావాడు కొనబోయింది బ్లూటూత్‌ది. ఫైలు ఎంత గొప్పదైనా బ్లూటూత్ దాన్ని దారిలో మళ్లీ కుదిస్తుంది. అన్నిటిలోనూ తప్పనిసరిగా ఉండే ఎస్‌బీసీ పద్ధతి మామూలుగా సెకనుకు 328 కిలోబిట్ల దగ్గర ఆగుతుంది. పోయిన సౌండు తెస్తానన్న పెట్టె తనే కొంత పారేస్తుందన్నమాట!

షాపులో ఇంకో కిటుకు. ఖరీదైనదాన్ని కాస్త గట్టిగా మోగిస్తారు. గట్టిగా ఉన్నదే బాగున్నట్టు మనకి తోస్తుంది. రెండిటి శబ్దం సమానం చేయించకుండా ఏదీ కొనకండి.

ఇదంతా 12,000 రూపాయల సంగతి. నా అసలు కోపం వేరే ఉంది. ఇంత ఖరీదైనవి ఎక్కడ వింటావురా అని అడిగితే, "కార్ఖానాల, మగ్గం కాడ" అన్నాడు. మగ్గాల షెడ్డులో మోత 95 డెసిబెళ్లు దాటడం మామూలే. ఆ మోతని మించి పాట వినపడాలంటే 100కి తిప్పాల్సిందే. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెళ్ల మోతలో రోజుకి 8 గంటలు ఉండొచ్చు. ప్రతి 3 డెసిబెళ్లకీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలు. వాడి షిఫ్టు 12 గంటలు.

లోపలి చెవిలోని సన్నని కేశకణాలు ఒకసారి చస్తే మనిషికి మళ్లీ మొలవవు. మోత వల్ల ముందు దెబ్బతినేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల వినికిడి, అంటే మాటల్లో హల్లుల్ని విడదీసి పట్టుకునే చోటు. అది పోయినవాడికి 20,000 హెర్ట్జ్ దాకా మోగే హెడ్‌ఫోన్స్ అమ్మడం గుడ్డివాడికి అద్దం అమ్మడమే. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కూడా తన మూడో షెడ్యూల్లో మోత వల్ల వచ్చే చెవుడిని వృత్తిరోగాల్లో చేర్చింది. అయినా మావాడి షెడ్డులో చెవుల్లో పెట్టుకునే నురుగు బిళ్లలు ఒక్కరికీ ఇవ్వలేదు. అవి దొరికేది కొద్ది రూపాయలకే.

చివరికి వాడు 1,800కి తీగ ఉన్నవి, చెవుల్ని పూర్తిగా మూసేవి కొన్నాడు. ఇంట్లో వినడానికి. షెడ్డులోకి నురుగు బిళ్లలు పట్టుకెళ్తున్నాడు. తోటివాళ్లు నవ్వుతున్నారట, నవ్వనీ.

నా మాట నమ్మమని నేననను. మీ చెవికి తేడా తెలుస్తుందంటే 16 సార్లు పరీక్షించుకుని, ఓడినా గెలిచినా ఆ అంకె చెప్పండి. 12 దాటితే నేనే ఒప్పుకుంటాను. పరీక్షకి రాకుండా "నాకు తెలుసు" అనేవాళ్లని మాత్రం చాలామందిని చూశాను. వాళ్లలో కొందరు జాతకాలు కూడా చెబుతారు.